రుణపత్ర పఠనం

పాఠ్యభాగ ఉద్దేశం

కావ్యాన్ని చదివేటప్పుడు ప్రతిపదార్థం, తాత్పర్యం, విశేషాంశం అంటూ అర్థాన్ని అంచెలంచెలుగా వెదకడం విద్యార్థులకు అలవాటే. అంతటి శ్రద్ధతోనే చదవవలసిన గద్యం మరొకటి ఉన్నది. అది రుణపత్రం. కారు కొనుగోలుకు తీసుకున్న అప్పును గడువుకు ముందే తీర్చబోయినప్పుడు ఎదురయ్యే చిక్కులను, అడగకుండానే అప్పులో కలిసిపోయే బీమా రుసుముల స్వభావాన్ని తెలియజేసి, పత్రాన్ని చదివే పద్ధతిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

కరీంనగర్ జిల్లాలోని చొప్పదండి వ్యవసాయ ప్రధానమైన ప్రాంతం. ఇక్కడి వారికి అప్పు కొత్త కాదు. విత్తనాలకు, ఎరువులకు, ఆడపిల్ల పెండ్లికి, గల్ఫ్ ప్రయాణానికి అప్పు చేసిన కుటుంబాలు ప్రతి ఊరిలోనూ కనిపిస్తాయి. వడ్డీని మిత్తి అనీ, తాకట్టును గిర్వి అనీ వ్యవహరించే ఈ నేలమీద అప్పు లెక్క చాలాకాలం నోటిమాటగానో, ఒక చిన్న కాగితం మీదనో నడిచింది. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు ఒకరినొకరు ఎరిగినవారు. నేడు కారు అప్పు అట్లా ఉండదు. ఇచ్చేది ఎక్కడో ప్రధాన కార్యాలయం గల సంస్థ. ఇప్పించేది వాహనాలమ్మే షోరూం. మధ్యలో బీమా సంస్థ. పుచ్చుకునేవాడు మాత్రం ఒక్కడే. అతని ఎదుట ఇరవై, ముప్పై పుటల పత్రం.

చొప్పదండిలో నివసించే ఒక ఉపాధ్యాయుని ఉదాహరణకోసం ఊహించుకుందాం. ఉద్యోగ విరమణకు రెండేళ్లు ఉండగా ఆయన కరీంనగర్‌లోని ఒక షోరూంలో కారు కొన్నాడు. తన చేతి సొమ్ము పోను 5,76,000 రూపాయలు అప్పు కావలసి వచ్చింది. పత్రాలపై సంతకాలు జరుగుతున్న వేళ అక్కడి యువకుడు ఒక కాగితాన్ని ముందుకు జరిపాడు.

"సార్, ఇక్కడొక సంతకం పెట్టండి."

"ఇదేం కాగితం బాబూ?"

"బీమా కాగితం సార్. లోన్ తీసుకున్నోళ్లందరికీ ఉంటది."

కారుకు బీమా తప్పనిసరి అని ఉపాధ్యాయునికి తెలుసు. సంతకం చేశాడు. కాని ఆ కాగితం కారు బీమాకు సంబంధించినది కాదు. రుణగ్రహీత మరణిస్తే మిగిలిన అప్పును చెల్లించే రుణరక్షణ బీమాకు సంబంధించినది. దాని ప్రీమియం 24,000 రూపాయలు. ఆ మొత్తాన్ని ఆయన జేబునుంచి అడగలేదు, అప్పులోనే కలిపారు. 5,76,000 కాస్తా 6,00,000 అయింది. ఒకే శబ్దం రెండర్థాలనిస్తే కావ్యంలో దానిని శ్లేష అని మెచ్చుకుంటాం. రుణపత్రంలో 'బీమా' అన్న మాట రెండర్థాలతో నిలిచినప్పుడు మెచ్చుకోవడానికి ఏమీ ఉండదు. ఒక అర్థం విన్నవాడిది, రెండవది అమ్మినవాడిది.

రెండేళ్లు గడిచాయి. విరమణ సమయంలో చేతికందిన సొమ్ముతో అప్పు తీర్చివేయాలని ఆయన సంస్థకు వెళ్లాడు. ఇకపై లెక్కలను విద్యార్థులు కాగితం, కలం దగ్గర ఉంచుకొని చదవాలి. తెలుగు పాఠంలో అంకెలేమిటని విసుగు చెందనవసరం లేదు. పావులూరి మల్లన గణితశాస్త్రాన్నే తెలుగు పద్యాలలో చెప్పాడు.

ఆరు లక్షల అప్పు, సంవత్సరానికి నూటికి 10 చొప్పున స్థిరవడ్డీ, గడువు 60 నెలలు. అప్పుడు నెలసరి కిస్తు సుమారు 12,748 రూపాయలు. అరవై నెలల్లో చెల్లించే మొత్తం సుమారు 7,64,900. ఇందులో వడ్డీ 1,64,900. ఉపాధ్యాయుడు 24 కిస్తులలో దాదాపు 3,06,000 రూపాయలు కట్టాడు. కనుక ఇంకా 2,94,000 మాత్రమే మిగిలి ఉంటుందని ఆయన అనుకున్నాడు. సంస్థ చూపిన బాకీ 3,95,083. ఇందులో మోసం లేదు. కిస్తు ప్రతినెలా ఒకటే అయినా దాని లోపలి పాళ్లు మారుతుంటాయి. మొదటి కిస్తులో 5,000 రూపాయలు వడ్డీకే పోతాయి. అసలులో తగ్గేది 7,748 మాత్రమే. ఇరవై అయిదవ కిస్తు నాటికి వడ్డీ 3,292కు దిగుతుంది. గడువులో నూటికి 40 వంతులు గడిచేసరికి మొత్తం వడ్డీలో నూటికి 61 వంతులు చెల్లిపోయి ఉంటుంది. అందువల్ల అప్పును ముందే తీర్చాలనుకునేవాడు ఎంత తొందరగా తీరిస్తే అంత లాభం. చివరి సంవత్సరంలో తీరిస్తే మిగిలేది స్వల్పం.

ఇక అసలు ఆశ్చర్యాలు రెండు. మొదటిది ముందస్తు ముగింపు రుసుము. వాడుకలో దీనినే ఫోర్‌క్లోజర్ చార్జీ అంటారు. ఒప్పందం ప్రకారం అది బాకీపై నూటికి 5 అనుకుందాం. 3,95,083పై రుసుము 19,754. దానిపై నూటికి 18 చొప్పున వస్తుసేవల పన్ను 3,556. వెరసి 23,310 రూపాయలు. అప్పు తీర్చబోతే దండుగ ఏమిటని ఎవరికైనా తోస్తుంది. ఋణదాత వాదం వేరు: అయిదేళ్ల వడ్డీని లెక్కించుకొని సొమ్ము సమకూర్చుకున్నాము, మధ్యలో తిరిగివస్తే ఆ వడ్డీ నష్టపోతాము అని. ఈ వాదంలో కొంత న్యాయం లేకపోలేదు. అయితే రుసుము చెల్లించినప్పటికీ ఉపాధ్యాయునికి మిగిలేది ఉన్నది. ఇంకా 36 నెలలు కట్టి ఉంటే వడ్డీ రూపంలో పోయేది 63,853. అందులో 23,310 తీసివేస్తే 40,543 రూపాయల ఆదా. రుసుమును చూసి బెదిరి వెనుదిరగడం తొందరపాటే అవుతుంది.

చట్టం ఏమంటున్నది? వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో అన్యాయపు ఒప్పందానికి నిర్వచనం ఉన్నది. ఒప్పందం ప్రకారం చెల్లవలసిన రుసుముతోపాటు అప్పును ముందుగా తీరుస్తానన్నా స్వీకరించకపోవడం అన్యాయపు ఒప్పందాల్లో ఒకటిగా అందులో పేర్కొన్నారు. అంటే ముందే తీర్చేందుకు రుణగ్రహీతకు మార్గం ఉండాలన్నది చట్టం ఉద్దేశం. రుసుము ఉండరాదని మాత్రం అది చెప్పలేదు. వ్యక్తులు తీసుకున్న చరవడ్డీ రుణాలపై ముందస్తు చెల్లింపు రుసుము వసూలు చేయరాదని రిజర్వు బ్యాంకు 2014లోనే బ్యాంకులను ఆదేశించింది. 2025 జూలై 2న వెలువడిన ఆదేశాల ప్రకారం, 2026 జనవరి 1 నుంచి మంజూరైన లేదా పునరుద్ధరించిన చరవడ్డీ రుణాల విషయంలో, వ్యాపారేతర అవసరాలకు అప్పు తీసుకున్న వ్యక్తులనుంచి ఈ రుసుము తీసుకోరాదు. పత్రికల్లో ఈ వార్త చదివినవారు తమ కారు అప్పుకూ ఇది వర్తిస్తుందని సంతోషిస్తారు. ఇక్కడే ఒక విశేషణం అడ్డు నిలుస్తుంది. చరవడ్డీ అన్న మాటను గమనించాలి. కారు రుణాల్లో అధికభాగం స్థిరవడ్డీ రుణాలు. వాటికి రుసుమును ఒప్పందమే నిర్ణయిస్తుంది. ఒక్క విశేషణం వేల రూపాయల విలువ చేసే సందర్భాలు సాహిత్యంలో అరుదు, రుణపత్రంలో సాధారణం.

ఈ సందర్భంలో మన ప్రాచీన వ్యవహార శాస్త్రాన్ని స్మరించుకోవడం అప్రస్తుతం కాదు. యాజ్ఞవల్క్యస్మృతిలో ఋణాదాన ప్రకరణమొకటి ఉన్నది. అప్పు తిరిగి ఇవ్వబోతే ఋణదాత పుచ్చుకొనకపోయిన పక్షంలో, ఆ ధనాన్ని ఒక మధ్యస్థుని వద్ద ఉంచినట్లయితే ఆనాటినుంచి వడ్డీ పెరగదని అందులోని నియమం. అప్పు తీరిన తరువాత పత్రాన్ని చించివేయాలనీ, లేదా తీరినట్లు వేరొక పత్రం వ్రాయించుకోవాలనీ మరొక నియమం. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంలో మితాక్షర అనే వ్యాఖ్య వ్రాశాడు. దాని ఆధారంగా పదమూడవ శతాబ్దిలో మూలఘటిక కేతన 'విజ్ఞానేశ్వరీయము' అనే తెలుగు కృతిని రచించాడు. తెలుగుభాషకు 'ఆంధ్రభాషాభూషణము' అనే వ్యాకరణాన్ని కూర్చిన కేతనయే ధర్మశాస్త్రాన్ని సైతం తెలుగుచేయడం ఆలోచింపదగిన విషయం. సంస్కృతం రానివాడికి కూడా వ్యవహార ధర్మం తన భాషలో అందాలన్న భావన అప్పటికే ఉన్నదన్నమాట.

ఉపాధ్యాయునికి కలిగిన రెండవ ఆశ్చర్యం రుణరక్షణ బీమా. ఖాతా వివరాల పట్టికను తీసుకున్నప్పుడు గాని 24,000 రూపాయల ప్రీమియం ఆయన కంటపడలేదు. ఆ మొత్తం అప్పులో చేరింది కనుక దానికీ మిత్తి పడింది. అరవై నెలలూ కడితే 24,000 కాస్తా సుమారు 30,600 అయ్యేది. రెండేళ్లకు ముగిస్తున్నా, ఆ భాగంపై అప్పటికే దాదాపు 4,000 రూపాయల వడ్డీ పోయింది. మిగిలిన బాకీలో ఆ ప్రీమియం వాటా సుమారు 15,800. ముగింపు రుసుములో 790 రూపాయలు దానిమీద పడ్డదే. అడగని వస్తువుకు ధర, ఆ ధరకు వడ్డీ, ఆ వడ్డీనుంచి విముక్తికి మళ్లీ రుసుము.

బీమాలలో ఏది తప్పనిసరి, ఏది ఐచ్ఛికం అన్నది స్పష్టంగా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం రోడ్డుమీద తిరిగే ప్రతి వాహనానికీ మూడవ పక్షపు బీమా ఉండితీరాలి. ఆ వాహనం వల్ల ఇతరులకు కలిగే హానికి అది పరిహారం. కొత్త కారుకు దీనిని మూడేళ్లకు ఒకేసారి తీసుకోవాలన్న నియమం సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుంచి అమలులోకి వచ్చింది. కారుకే జరిగే నష్టానికి తీసుకునే బీమాను చట్టం నిర్బంధించదు. కాని కారు తనకు హామీగా ఉన్నంతకాలం అది ఉండాలని ఋణదాత ఒప్పందంలో కోరుతాడు. అది సమంజసమే. తరుగుదల లేని పరిహారం, ఇంజన్ రక్షణ, రోడ్డుపై సహాయం వంటి అదనపు రక్షణలు కొనేవాని ఇష్టం. రుణరక్షణ బీమా కూడా ఇష్టపూర్వకమే. చిన్న పిల్లలున్న కుటుంబానికి సంపాదించేవాడు ఒక్కడే అయితే అది మేలే చేస్తుంది. దానిని నిందించడం ఈ పాఠం అభిమతం కాదు. తెలియజెప్పకుండా అంటగట్టడమే అభ్యంతరకరం.

ఇటువంటివి చొప్పదండికో, మన రాష్ట్రానికో పరిమితం కావు. దేశంలోనే పెద్దదైన ప్రైవేటు బ్యాంకు హెచ్.డి.ఎఫ్.సి. బ్యాంకు. తన వాహన రుణగ్రహీతలకు మూడవ పక్షం ఉత్పత్తులను అమ్మిన విషయంలో దానిపై రిజర్వు బ్యాంకు 2021 మే నెలలో 10 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అక్కడ అమ్మినది బీమా కాదు, వాహనం జాడ తెలిపే జి.పి.ఎస్. పరికరం. 2013-14 నుంచి 2019-20 వరకు ఆ పరికరాలు తీసుకున్న రుణగ్రహీతలకు తాను పొందిన కమీషను తిరిగి ఇస్తానని ఆ బ్యాంకు 2021 జూన్‌లో ప్రకటించింది. మన తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన అమెరికాలో వెల్స్ ఫార్గో అనే బ్యాంకు ఉదంతం ఇంకా సమీపమైనది. అప్పటికే బీమా ఉన్న కార్లకు కూడా తానే మరొక బీమా చేయించి ఆ ఖర్చును రుణగ్రహీతల ఖాతాలకు ఎక్కించినట్లు 2017లో బయటపడింది. సుమారు 5,70,000 మంది ఖాతాదారులు దాని ప్రభావానికి లోనై ఉండవచ్చునని బ్యాంకే అంగీకరించింది. ఆ భారంతో కిస్తులు తప్పి, కొందరు తమ కార్లనే పోగొట్టుకున్నారు. 2018 ఏప్రిల్‌లో అక్కడి నియంత్రణ సంస్థలు దీనికీ, గృహరుణాలకు సంబంధించిన మరొక తప్పిదానికీ కలిపి 100 కోట్ల డాలర్ల జరిమానా వేశాయి. అంతటి విద్యావంతుల దేశంలో సైతం లక్షలాదిమంది తమ ఖాతాలో చేరిన పంక్తిని గమనించలేదంటే, లోపం పాఠకుని తెలివిలో కాదు, పత్రం తీరులో ఉన్నదని గ్రహించాలి.

పత్రం తీరును మార్చడానికి రిజర్వు బ్యాంకు 2024 ఏప్రిల్ 15న ఒక ఉత్తర్వు జారీచేసింది. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే చిల్లర రుణాలన్నిటికీ ముఖ్యాంశాల వివరణ పత్రం ఇవ్వాలన్నది దాని సారాంశం. వడ్డీనే కాక, బీమా వంటి ఇతరుల కోసం వసూలు చేసే రుసుములను సైతం కలిపి సాలీనా మొత్తం వ్యయశాతాన్ని అందులో చూపాలి. ఆ పత్రంలో లేని ఏ రుసుమునైనా రుణగ్రహీత స్పష్టమైన సమ్మతి లేకుండా వసూలు చేయరాదు. అన్నింటికంటె ముఖ్యమైన నియమం మరొకటి: ఆ పత్రం రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, దానిలోని విషయాలను అతనికి వివరించాలి.

చొప్పదండికి సమీపంలోని గంగాధర మండలంలో కురిక్యాల అనే గ్రామం ఉన్నది. అక్కడి బొమ్మలగుట్టమీద పదవ శతాబ్దికి చెందిన శాసనమొకటి ఉన్నది. దానిని వేయించినవాడు కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు. తెలుగు కందపద్యాలు ఉన్నందువల్ల ఆ శాసనం మన సాహిత్యచరిత్రలో ప్రసిద్ధి కెక్కింది. మనకు ఇక్కడ కావలసిన విశేషం వేరు. ఆ శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు అనే మూడు భాషలలో ఉన్నది. కొండపైకి ఎక్కి వచ్చిన వానికి ఏ భాష వస్తే ఆ భాషలో అర్థం కావాలి అన్నట్లుగా ఆ రాత కనిపిస్తుంది. ఆ గుట్టకు కూతవేటు దూరంలోని వాడికి వెయ్యేళ్ల తరువాత పరాయి భాషలోని పుటలపై గుర్తు పెట్టిన చోటల్లా సంతకం చేయవలసి రావడం విచారకరం. తెలుగులో వివరణ పత్రం ఇమ్మని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. నియమం ప్రసాదించిన హక్కు.

మన ఉపాధ్యాయుని రుణం ఆ తేదీ తరువాతిదే అనుకుందాం. ఆయన సంస్థకు ఇట్లా లేఖ వ్రాశాడు:

"మాన్యులైన శాఖాధికారి గారికి,
నా కారు రుణాన్ని గడువుకు ముందే పూర్తిగా తీర్చగోరుతున్నాను. ఈనెల చివరి తేదీ నాటికి చెల్లవలసిన అసలు, వడ్డీ, ముగింపు రుసుము, పన్ను వేర్వేరుగా చూపుతూ లిఖితపూర్వకంగా తెలియజేయ ప్రార్థన. రుణంలో 24,000 రూపాయల బీమా ప్రీమియం చేరినట్లు ఖాతా పట్టిక వల్ల తెలిసింది. దీనికి నేనిచ్చిన సమ్మతి పత్రం, ముఖ్యాంశాల వివరణ పత్రం, బీమా పాలసీ ప్రతులను పంపగలరు. ఆ పాలసీని రద్దుచేసి, మిగిలిన కాలానికి రావలసిన మొత్తాన్ని ఇప్పించవలసిందిగా కోరుతున్నాను.
భవదీయుడు"

ఈ లేఖలో ఆవేశం లేదు, ఆరోపణ లేదు. ప్రతివాక్యమూ ఒక కాగితాన్ని అడుగుతుంది. దీనివల్ల ఆయనకు దక్కేదెంత? ముగింపు రుసుము వివరణ పత్రంలో ఉన్నట్లయితే దానిని చెల్లించక తప్పదు. బీమా వద్దనుకుంటే, జీవితబీమా పాలసీ అందిన 30 రోజులలో తిరిగి ఇచ్చివేసే వీలు ఉన్నది. రెండేళ్ల తరువాత ఆ వీలు ఉండదు. పాలసీ నిబంధనలనుబట్టి మిగిలిన 36 నెలల ప్రీమియంలో కొంతభాగం రావచ్చు. అది మొత్తం ప్రీమియంలో అయిదింట మూడు వంతులైన 14,400 కంటె తక్కువే కావచ్చును. వివరణ పత్రంలో బీమా ప్రస్తావనే లేకపోతే మాత్రం ఆయన పక్షం బలమైనది. సంస్థ 30 రోజులలో సరైన సమాధానం ఇవ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండా ఫిర్యాదు చేయవచ్చు. కరీంనగర్‌లోని జిల్లా వినియోగదారుల కమిషన్‌నూ ఆశ్రయించవచ్చు.

సొమ్ము చెల్లించినంత మాత్రాన అప్పు తీరినట్లు కాదు. కారు ఇంటిముందే ఉన్నా, రిజిస్ట్రేషన్ పత్రంలో ఋణదాత పేరు ఉంటుంది. దీనినే హైపోథికేషన్ అంటారు. వస్తువు అనుభవం ఒకరిది, దానిమీద పట్టు వేరొకరిది. బాకీ లేదన్న పత్రం, ఋణదాత సంతకం చేసిన 35వ నమూనా ఫారాలు తీసుకొని రవాణా శాఖ ద్వారా ఆ పేరును తొలగింపజేసుకోవాలి. కారు బీమా పాలసీలోనూ అదే మార్పు చేయించాలి. బ్యాంకు ఖాతానుంచి కిస్తు కోసుకొనే ఆదేశాన్ని రద్దుచేయించాలి. వ్యక్తిగత రుణాలు పూర్తిగా తీరిన 30 రోజులలో పత్రాలను తిరిగి ఇచ్చి, నమోదైన హక్కును తొలగించాలనీ, తన వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున సంస్థ పరిహారం చెల్లించాలనీ రిజర్వు బ్యాంకు 2023 సెప్టెంబరు 13న ఆదేశించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి అది అమలులో ఉన్నది. సొంత అవసరానికి కొన్న కారు రుణం ఈ కోవలోనిదే. అప్పు తీరాక పత్రాన్ని చించివేయాలని యాజ్ఞవల్క్యుడు చెప్పినదానికి నేటి రూపం ఈ 35వ నమూనా.

కఠిన పదాలకు అర్థాలు

ఋణాదానం = అప్పు ఇచ్చి పుచ్చుకొనే వ్యవహారం; మధ్యస్థుడు = ఉభయ పక్షాలకూ చెందని వ్యక్తి; ఐచ్ఛికం = ఇష్టాన్నిబట్టి ఉండేది; చరవడ్డీ = కాలాన్నిబట్టి మారే వడ్డీ; గిర్వి = కుదువ, తాకట్టు; ఉదంతం = జరిగిన సంగతి.

అభ్యాసం

1. నెలసరి కిస్తులో అసలు, వడ్డీల పాళ్లు ఏవిధంగా మారుతాయో పాఠంలోని ఉదాహరణతో వివరించండి.

2. కురిక్యాల శాసనాన్ని రచయిత ఏ సందర్భంలో ప్రస్తావించాడు? ఎందుకు?

3. "ఒక అర్థం విన్నవాడిది, రెండవది అమ్మినవాడిది" - సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.

4. మీ ఇంటిలోగాని, బంధువుల ఇంటిలోగాని ఉన్న ఏదైనా రుణపత్రంలోని ఒక పుటను వారి అనుమతితో చదివి, అందులోని విషయాన్ని సరళమైన తెలుగులో పది వాక్యాలలో వ్రాయండి.